నర్సయ్య చేతి ఒరవడి

సోమవారం సాయంత్రం, బడి గంట కొట్టాక, సైన్సు గదిలో దూడం నర్సయ్య కుడిచేతికి తొడుగు ఎక్కించారు. ఉల్లిపొరంత పల్చటి తొడుగు. వేళ్ల కొసలు మాత్రం తెరిచే ఉన్నాయి, దారం తగలాలి కదా. మణికట్టు దగ్గర్నుంచి సన్నటి తీగలు కట్టగా పోయి టిఫిను డబ్బా అంత పెట్టెలో దూరాయి.

“సుర్రుమంటదా బిడ్డా?” అని నర్సయ్య కూతురి వైపు చూశాడు.

“అనదు నాయినా. జర తిమ్మిరెక్కినట్టు ఉంటది, గంతే.”

“గంతేనా! మీ అమ్మ ఇంక నా చెయ్యి కోస్తరేమో అని పొద్దటిసంది ఒక్కటే లొల్లి.”

పిల్లలిద్దరూ కిసుక్కున నవ్వారు. హర్షిణి, మణిదీప్. ఇద్దరిదీ తొమ్మిదో తరగతి. సిరిసిల్ల నేతకార్మికుల కాలనీ బడికి ఉన్న రోబో జట్టంతా ఆ ఇద్దరే. వాళ్లకు జీతంలేని గురువు నర్సయ్య కూతురు సుగుణ. పాలిటెక్నిక్‌లో ల్యాబ్ అసిస్టెంటుగా ఉద్యోగం చేసుకుంటూనే వారంలో మూడు సాయంత్రాలు, ఆదివారం పొద్దంతా ఇక్కడే ఉంటుంది. నర్సయ్య ఇంటి గడపలోకి ఇంజనీరింగ్ పట్టా తెచ్చిన మొదటి మనిషి తనే. ఎవరో ఒక టీచరు సాయంత్రాలు కూర్చోబెట్టి లెక్కలు చెప్పకపోతే తనూ బీడీలు చుడుతూ ఉండేదని ఆమెకు తెలుసు. ఆ బాకీ ఎవరికి తీర్చాలో తెలియక పిల్లలకు తీరుస్తోంది.

తొడుగు చేసిన డాక్టర్ ఇందుమతి హైదరాబాదు నుంచి వచ్చింది. బాలల రోబో పోటీలను నడిపే స్వచ్ఛంద సేవకుల్లో ఆవిడా ఒకరు. ఈ యేడు పోటీకి పెట్టిన పని ఆవిడ ఆలోచనే: మనిషి చేతికి మాత్రమే తెలిసిన పనిని ఒకదాన్ని మీ రోబోకు నేర్పండి. అందుకోసం తన తొడుగుల్ని జట్లకు ఉచితంగా ఇచ్చింది. తొడుగు చేతి నుంచి చదివి పెట్టెలో దాచేదానికి ‘ఒరవడి’ అని పేరు పెట్టింది. పలక మీద పంతులు రాసిచ్చిన అక్షరం మీద పిల్లలు దిద్దినట్టు, చేతి పని మీద రోబో దిద్దుకుంటుందని.

“మొదలుపెట్టండి నర్సయ్య గారూ. షెడ్డులో ఎలా చేస్తారో అలాగే.”

నర్సయ్య వేళ్లకు బూడిద రాసుకున్నాడు. ఎదురుగా చట్రానికి ఒకవైపు పాత భీము పోగుల చివరలు, మరోవైపు కొత్త భీము పోగుల మొదళ్లు. మరమగ్గం మీద భీము, అంటే పడుగు దారం చుట్టిన దిమ్మ, అయిపోతే కొత్తది ఎక్కించి, మూడు వేల పైచిలుకు పోగుల్ని ఒక్కొక్కటిగా పాతవాటికి అతకాలి. ముడి వేయడం కాదు. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ ఒక మెలిక, ఒక మడత. దారం తెగినా తెగుతుంది కాని ఆ అతుకు ఊడదు. నలభై రెండేళ్లుగా అదే పని. నర్సయ్య అతికిన భీము మీద పోగు ఊడిందని మగ్గాల యజమాని, ఏ ఆసామీ ఇంతవరకు అనలేదు.

కంప్యూటరు తెర మీద సన్నటి గీతలు లేచి పాకసాగాయి.

“మేడమ్, తాత ఏలు ఎట్ల కదుల్తుందో అదేనా ఇది?” హర్షిణి అడిగింది.

“కదలిక కాదమ్మా. కదలికైతే కెమెరా చాలు. పోగు జారబోతోందని కంటికంటే ముందు వేలికి తెలుస్తుంది చూడు, అది. చెయ్యి పని చేస్తున్నప్పుడే ఆ తెలివి మెత్తబడి పైకి వస్తుంది. పని ఆగాక మళ్లీ గట్టిపడి లోపలికి పోతుంది. ఈ తొడుగు దాన్ని అలా మెత్తగానే పట్టి ఉంచి చదువుకుంటుంది. అందుకే చదివాక ఏడు రోజులు ఆ చేతికి పూర్తిగా విశ్రాంతి ఇవ్వాలి. ఈ పని పెట్టకూడదు. మళ్లీ తొడుగు అసలే వేయకూడదు.”

“గంజి వెట్టిన పోగు లెక్క,” అన్నాడు నర్సయ్య, చెయ్యి ఆపకుండానే. “ఆరకముందుకే ముట్టుకుంటే చిక్కువడ్తది.”

ఇందుమతి ఒక్క క్షణం ఆయన వైపే చూసింది. “రెండేళ్ల నుంచి నేను సభల్లో చెప్పలేక చస్తున్న ముక్క మీరు ఒక్క మాటలో చెప్పారు.”

గంటసేపు చదివి తొడుగు తీసేశారు. నర్సయ్య చెయ్యి విదిలించి, “ఏం పోయినట్టు లేదే,” అన్నాడు. అందరూ నవ్వారు.

*

ఆ వారం నర్సయ్య కొత్త పెళ్లికొడుకులా తిరిగాడు. నలభై రెండేళ్లలో ఒక్కసారి కూడా వారం రోజులు వరసగా ఖాళీగా ఉన్నవాడు కాదు. పొద్దున్నే చాయ తాగి, కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని వాకిట్లో కూర్చునేవాడు.

భార్య భూలచ్చవ్వ బీడీల చాట ముందేసుకుని సణిగేది. “చెయ్యికి సెలవిచ్చిండ్రట. నోటికి గూడ ఇచ్చి ఉంటే నాకు జర సుఖముండు.”

“నీ నోటికిస్తే ఊరందరికి సుఖముండు.”

“ఇగో, గిన్నె జరుపమంటే జరుపడు గని మాటలకేం తక్కువ లేదు. సుగుణా, ఆ చెయ్యి మొత్తానికే పనికిరాకుంట చేస్తున్నరు మీరు, సూడు!”

గురువారం నాడు రోబో చెయ్యి మొదటి పోగు అతికింది. పిల్లలు తుక్కు సామాన్లతో, అచ్చేసిన ప్లాస్టిక్ ఎముకలతో, మరమగ్గాల పాత స్ప్రింగులతో చేసిన అయిదు వేళ్ల చెయ్యది. అంతవరకు అది పట్టిన ప్రతి పోగునూ తెంపేది. ఒరవడి ఎక్కించాక, తడుముకుంటూ, మెల్లగా, ఒక మెలిక, ఒక మడత. మణిదీప్ రెండు చివరలు పట్టి లాగాడు. ఊడలేదు.

పదో పోగు తర్వాత ఆ చెయ్యి ఆగింది. బొటనవేలితో ఉంగరపువేలిని రెండుసార్లు టక టక తట్టి, మళ్లీ పనిలో పడింది.

“ఇదేంది? మనం రాయలే గద!” అన్నాడు మణిదీప్.

“మా నాయిన బూడిద దులుపుకునుడు,” అంది సుగుణ. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. కాని అది ఒక అలవాటు అని ఆమెకు ఈ క్షణందాకా తట్టలేదు.

నర్సయ్యను పిలిపించి చూపించారు. ఆయన ఆ ప్లాస్టిక్ చేతిని చాలాసేపు చూశాడు. అది తట్టినప్పుడల్లా తన వేళ్ల వైపు చూసుకున్నాడు.

“గిట్ల జేస్తనని నాకే తెల్వదు. దీనికెట్ల తెల్సింది?” అన్నాడు. తర్వాత, “మంచిగనే అతుకుతుంది. జర తొందర ఎక్కువ. వయసులున్నది గద,” అన్నాడు.

*

ఆదివారం వరంగల్‌లో ఒక కాలేజీ ఆటల హాలు. అరవై బల్లలు, అరవై జట్లు. సుగుణ పసుపుపచ్చ జాకెట్టు తొడుక్కుని భద్రత డ్యూటీలో ఉంది. పోటీల్లో సొంత జట్టు ఉన్నా, ఆ జాకెట్టు తొడుక్కున్నాక సేవకులు అన్ని జట్లకూ చెందుతారు. తొడుగు వాడే ప్రతిసారీ పక్కన ఉండి పెట్టె అడిగే ప్రశ్నలకు జవాబు నొక్కడం ఆమె పని.

ఆ పోటీల్లో ఒక ఆనవాయితీ ఉంది. ఒక జట్టుకు మరమేకు తక్కువైతే మైకులో చెబుతారు. అవతలి జట్లవాళ్లు పరుగున తెచ్చి ఇస్తారు. ఓడించవలసిన వాళ్లనే ముందు నిలబెట్టాలి. హర్షిణికీ మణిదీప్‌కూ సుగుణ మొదటి రోజున చెప్పిన పాఠం అదే. నర్సయ్యకు అది ఎంతగా నచ్చిందంటే, పొద్దున్నుంచీ బల్లల మధ్య తిరుగుతూ ఎవరికి ఏం కావాలో తనే అడుగుతున్నాడు. “మా షెడ్ల గూడ గింతే. పక్క మగ్గం మీద పోగు తెగితే సూసుకుంట దాటిపోతే వాడు మనిషే గాదు,” అని చెబుతున్నాడు కనబడిన ప్రతివాడికీ.

పదకొండు గంటలకు మైకు మోగింది. “ముప్పై ఒకటో బల్ల జట్టు ఒరవడి పోయింది. సాయం చేయగలవాళ్లు ఎవరైనా ఉన్నారా?”

ఆసిఫాబాద్ దగ్గరి ఆశ్రమ పాఠశాల పిల్లలు వాళ్లు. ముగ్గురమ్మాయిలు. నాయకురాలు జంగుబాయి, పదో తరగతి. వాళ్ల పెద్దమ్మ గంపలల్లే చేతిని చదివించుకున్నారు. వచ్చే దారిలో వానకు బస్సు మీది సామాను తడిసి, పెట్టె లోపలికి నీళ్లు పోయాయి. తొడుగు బాగానే ఉంది, వేరే పెట్టె ఇచ్చారు. కాని అందులో చదివింది ఏమీ లేదు. పెద్దమ్మ ఊళ్లో ఉంది.

“మాది తీసుకోండి,” అని హర్షిణి తమ పెట్టె పట్టుకుని పరిగెత్తింది. పని చేయలేదు. జంగుబాయి వాళ్ల రోబోకు మూడే వేళ్లు. అయిదు వేళ్ల ఒరవడి దానికి పట్టదు. మూడు వేళ్లకు తగ్గట్టు మళ్లీ మొదట్నుంచీ చదవాలి, రోబో ఈ పూటకే దిద్దుకోవాలంటే అదీ మూడు గంటలపాటు.

జంగుబాయి ఏడవలేదు. తీగలు చుట్టి సంచిలో సర్దుకోవడం మొదలుపెట్టింది. అది చూసి నర్సయ్య ముందుకొచ్చాడు.

“బిడ్డా, ఆగు. మూటగడ్తవేంది? చెయ్యి నేను వెడ్త.”

సుగుణ ఆయన భుజం పట్టుకుని పక్కకు తీసుకుపోయింది. “నాయినా, ఏడు దినాలు కాలే.”

“ఎట్ల కాలే? సోమారం ఒకటి. మంగళారం రెండు.” వేళ్లు మడిచాడు. ఆదివారం దగ్గర ఏడో వేలు మడిచి చూపించాడు. “ఏడు. పిలగానికి ఇరవయ్యొకటి ఎట్ల లెక్కవెడ్తం? పుట్టిన దినం కలుపుకునే గద.”

“అది వేరే నాయినా...”

“ఏం వేరే? నువ్వు పుట్టినప్పుడు మీ నాయనమ్మ గిట్లనే లెక్కవెట్టింది. నీకేమన్న తక్కువైందా?”

సుగుణకు ఆ లెక్క తెలుసు. ఆ ఇంట్లో చావుకైనా పుట్టుకకైనా మొదటి రోజును కలుపుకునే లెక్క. పెట్టె లెక్క అది కాదని కూడా ఆమెకు తెలుసు. పెట్టెకు రోజంటే నిండా ఇరవై నాలుగు గంటలు. సోమవారం సాయంత్రం నుంచి ఆదివారం పదకొండు గంటల వరకు ఆరు రోజులు కూడా నిండలేదు. ఇందుమతి లోపల న్యాయనిర్ణేతల గదిలో ఉంది. ఫోన్లు బయటే పెట్టాలి. ఎవరినైనా పంపి అడిగించవచ్చు. అడిగితే వద్దంటుందని తెలుసు కాబట్టే సుగుణ అడిగించలేదు.

జంగుబాయి సంచి జిప్పు సగం వేసి వీళ్లిద్దరి వైపే చూస్తోంది. హర్షిణి కూడా చూస్తోంది. మొదటి రోజున తాను చెప్పిన పాఠం ఇప్పుడు తన జాకెట్టు మీదే పరీక్షకు వచ్చినట్టు అనిపించింది సుగుణకు.

తొడుగు ఎక్కించింది. పెట్టె అడిగింది: గత చదువు అయ్యాక ఏడు రోజులు నిండాయా?

‘అవును’ అని నొక్కింది.

*

మూడు గంటలు. చుట్టూ పిల్లలు మూగారు. నర్సయ్య కబుర్లు చెబుతూనే అతికాడు. తెర మీద గీతలు సోమవారం కంటే ఎత్తుగా, ముచ్చటగా లేచాయి. “సూడు సూడు, రెండోసారి ఇంకా మంచిగొస్తుంది,” అన్నాడు మణిదీప్. చివరి అరగంటలో నర్సయ్య మాటలు తగ్గాయి. నుదుటి మీద చెమట పట్టింది. “తాతా, నీళ్లు తాగుతవా?” అని జంగుబాయి అడిగితే తలూపాడు. గ్లాసు ఆమే పట్టి తాగించింది.

సాయంత్రం ముగిసే వేళకు మొదటి బహుమతి జంగుబాయి జట్టుకు వచ్చింది. రెండోది సుగుణ పిల్లలకు. జంగుబాయి తన పతకం తీసి నర్సయ్య మెడలో వేసింది. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. బీడీలు చుట్టే ఇంటి నుంచి వచ్చిన సుగుణ జీవితంలో అంత పెద్ద చప్పట్లు ఎప్పుడూ వినలేదు.

తిరుగు బస్సులో నర్సయ్య పల్లీలు కొన్నాడు. ఒక కాయ తీసి నొక్కాడు. జారి కింద పడింది. ఇంకొకటి తీశాడు. అదీ పడింది.

“ఇంక తిమ్మిరి పోలే,” అని పొట్లం హర్షిణికి ఇచ్చేశాడు. సుగుణ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. తిమ్మిరే, అనుకుంది. రేపటికి పోతుంది.

*

పోలేదు. పెట్టె లెక్కన మరో ఏడు రోజులు ఆగి, ఆ వచ్చిన సోమవారం నర్సయ్య షెడ్డుకు పోయాడు. బూడిద రాసుకున్నాడు. పాత పోగు పట్టాడు, కొత్త పోగు పట్టాడు. రెండు వేళ్ల మధ్య పెట్టాడు. ఆ తర్వాత ఏం చేయాలో చేతికి తెలియలేదు.

మధ్యాహ్నం జతగాడు పోశెట్టి సుగుణకు ఫోను చేశాడు. “చెల్లే, మీ నాయిన మగ్గం ముందల నిలబడి ఉన్నడు. పొద్దటిసంది గట్లనే. ఆసామి జూసి తాగిండనుకుండు. తాగలే గద?”

సుగుణ పోయేసరికి షెడ్డులో మగ్గాల మోత మధ్య నర్సయ్య ఒక్కో పోగునూ తీసుకుని మెలిపెట్టి వదులుతున్నాడు. పోగులు రెండూ విడిపోయి రెండు వైపులా వేలాడుతున్నాయి. ఆయన కాళ్ల దగ్గర నేలమీద దారపు తునకలు పోగుపడి ఉన్నాయి. మోతలో మాట వినబడదు. చెయ్యి ఎత్తి కూతురికి చూపించాడు. ఇదిగో చూడు అన్నట్టు.

చేతికి విశ్రాంతని అంతవరకు దాన్ని దేనికీ వాడలేదు కాబట్టి మిగతావి ఇప్పుడు తెలిశాయి. అంగీ గుండీలు పెట్టుకోలేకపోయాడు. కూరలో ఉప్పు చిటికెడు వేయలేకపోయాడు. అన్నం కలిపి ముద్ద చేస్తే వేళ్ల సందుల్లోంచి మెతుకులు రాలాయి. భూలచ్చవ్వ చెంచా తెచ్చి ఇచ్చింది. ఆయన చెంచా వైపు చూసి, పళ్లెం జరిపేశాడు.

“సదువుకున్నదానివి,” అంది భూలచ్చవ్వ కూతురితో. అరవలేదు, అందుకే అది ఎక్కువ తగిలింది. “నేనంటే తెల్వనిదాన్ని. ఆయన తెల్వనోడు. మీ నాయిన బాయిల దుంకుతనంటే నువ్వు తాడు వట్టుకుంటవా?”

“పిల్లల కోసం అమ్మా...”

“నువ్వు ఎవ్వల పిల్లవే?”

*

సుగుణ ఫోను చేస్తే ఇందుమతి మరుసటి రోజే వచ్చింది. నర్సయ్య చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, ఒక్కో వేలునూ వంచి చూసింది. ఎముకలో ఏమీ లేదు, నరంలో ఏమీ లేదు. పిడికిలి బిగిస్తాడు, బిందె మోస్తాడు, చెయ్యెత్తి దండం పెడతాడు. బొటనవేలూ చూపుడువేలూ కలిసి చేసే సన్నపని ఒక్కటే పోయింది.

“పోగు అతకడం ఒక్కటే పోతుందనుకున్నాను నేను, పోతే,” అంది వాకిట్లోకి వచ్చాక, సుగుణతో. “కాని ఆ మెలిక చేతిలో విడిగా ఒక అరలో ఉండదు. గుండీ, ఉప్పు, ముద్ద, అన్నీ దాని మీదే అల్లుకుని ఉన్నాయి. ఒక పోగు లాగితే...” తర్వాత సంచిలోంచి పెట్టె తీసింది. “దీంట్లో అన్నీ నమోదవుతాయి. ఏడు రోజులు నిండాయని ఎవరో నొక్కారు.”

“నేనే మేడమ్.”

“తెలియక నొక్కావా?”

అబద్ధం ఆడటానికి ఎదుటి మనిషే దారి ఇస్తోంది. సుగుణ ఆ దారి పట్టలేదు. “తెలిసే.”

ఇందుమతి పెట్టెను మళ్లీ సంచిలో పెట్టింది. “నేనూ తెలిసే ఇచ్చాను, పిల్లల చేతుల్లోకి. ప్రశ్న అడిగితే చాలు, జవాబు నిజమే వస్తుందనుకున్నాను,” అంది. ఆ రోజే రాష్ట్రంలో ఉన్న తొడుగులన్నిటినీ వెనక్కి తెప్పించింది. అప్పటికే అది నర్సయ్యకు ఉపయోగం లేని పని.

ఒక్క ప్రయత్నం మిగిలింది. చేతి నుంచి రోబోకు పోయింది కదా, రోబో నుంచి చేతికి వస్తుందా? తొడుగు చదవగలదు కాని రాయలేదు. అయినా నర్సయ్య వేళ్లను రోబో వేళ్లకు కట్టి, అది అతుకుతుంటే వెంట నడిపిస్తే, పసిపిల్లవాడి చెయ్యి పట్టి దిద్దించినట్టు... ఇందుమతి మాట పూర్తి చేయకముందే సుగుణ సెలవు చీటీ రాసేసింది.

*

హైదరాబాదు పరిశోధనాలయంలో ఒక చల్లటి గది. పిల్లలు చేసిన ప్లాస్టిక్ చెయ్యినే తెచ్చి బిగించారు. నర్సయ్య వేళ్లను పట్టీలతో దాని వేళ్లకు కట్టారు. రోజుకు నాలుగు గంటలు. రోబో పోగు తీస్తుంది, నర్సయ్య వేళ్లు దానితో పాటు పోతాయి. మెలిక. మడత. పదోసారి తర్వాత బొటనవేలు ఉంగరపువేలిని టక టక తడుతుంది. ఆయన వేళ్లతోనే.

“నా అలవాటు నాకే నేర్పుతుంది, సూడు,” అన్నాడు మొదటి రోజు, నవ్వుతూ.

మొదటి ఆదివారం హర్షిణి, మణిదీప్ వచ్చారు. హర్షిణి రోబో పక్కన కూర్చుని వేగం తగ్గిస్తూ, పెంచుతూ, “తాతా, ఇప్పుడు పట్టీ తీస్త. మీరే చెయ్యండి,” అనేది. పట్టీ తీయగానే ఆయన వేళ్లు గాలిలో నిలిచిపోయేవి. పోగు జారిపోయేది. మళ్లీ కట్టేవాళ్లు. మళ్లీ తీసేవాళ్లు.

“పొద్దటి కంటే నయమే గద తాతా?” అన్నాడు మణిదీప్.

“అవ్ బిడ్డా. నయమే,” అన్నాడు నర్సయ్య. ఆయన అబద్ధం చెబుతున్నాడని ఆ గదిలో మణిదీప్‌కు కూడా తెలుసు.

హర్షిణి తీగలు సర్దుతూ, తల ఎత్తకుండా అడిగింది. “అక్కా, తాత చెయ్యి మనమే గుంజుకున్నమా?”

సుగుణ జవాబు వెతికింది. సైన్సు జవాబు ఉంది. ఓదార్పు జవాబు ఉంది. రెండూ ఆ పిల్లకు సరిపోయేవి కావు. “మీరు కాదు. నేను,” అంది.

తర్వాతి ఆదివారం హర్షిణి రాలేదు. జట్టులోకి కూడా మళ్లీ రాలేదు. మణిదీప్ ఒక్కడే వచ్చాడు, సుగుణ చెప్పిన పని చెప్పినట్టు చేసి బస్సెక్కాడు.

ఆరు వారాలు గడిచాయి. తెర మీద రెండు గీతలు. ఒకటి పిల్లల రోబోది, కొండలూ లోయలుగా సజీవంగా ఉంది. రెండోది నర్సయ్యది. పట్టీలు కట్టి ఉన్నంతసేపు దాని నీడలా పోయి, తీయగానే నేలకు పడిపోతుంది. ఆరో వారంలో కూడా పడిన చోటే పడింది.

“అరవై ఏళ్లు దాటిన చెయ్యి కొత్తగా నేర్చుకోలేదని కాదు,” అంది ఇందుమతి. “నేర్చుకోవడానికి కూడా కింద ఏదో ఒక పునాది ఉండాలి. మనం చదివింది ఆ పునాదినే.”

నర్సయ్య విన్నాడు. కట్టి ఉన్న పట్టీలను ఎడమచేత్తో తనే విప్పుకోబోయాడు. రాక, సుగుణ వైపు చెయ్యి చాపాడు. ఆమె విప్పింది.

“ఇంటికి పోదం బిడ్డా. గీ సల్లటి గదిల నాకు దగ్గు లేస్తుంది.”

పోవాలంటే ఒక కాగితం ఉంది. ప్రయోగం ముగిసింది, మార్పు లేదు, అని రాసి, కింద చేతి యజమాని సంతకం కోసం చోటు వదిలిన కాగితం. ఇందుమతి పెన్ను మూత తీసి బల్ల మీద పెట్టింది. పెట్టాక ఆవిడకు గుర్తొచ్చి, తీసేయబోయింది. అప్పటికే నర్సయ్య పెన్ను పట్టుకున్నాడు.

ఆయన బడికి పోలేదు. సుగుణ ఎనిమిదో తరగతిలో ఉండగా ప్రోగ్రెస్ కార్డు మీద తండ్రి వేలిముద్ర చూసి తోటిపిల్లలు నవ్వారు. ఆ ఎండాకాలమంతా వాకిట్లో పలక పెట్టి, తండ్రి చెయ్యి పట్టుకుని, ‘దూడం నర్సయ్య’ అని రాసిచ్చి దాని మీద దిద్దించింది. అప్పటి నుంచి ఆయన కాగితమన్నది కనబడితే చాలు, సంతకం పెట్టేవాడు. పెళ్లి పత్రికల వెనక కూడా పెట్టేవాడు.

పెన్ను కొస కాగితానికి ఆనింది. ఒక గీత పక్కకు పోయింది. పెన్ను వేళ్ల సందులోంచి జారి బల్ల మీద దొర్లింది. సుగుణ తీసి ఇచ్చింది. మళ్లీ జారింది. మూడోసారి ఆమె తన చెయ్యి ఆయన చేతి మీద వేసి పట్టుకోబోయింది.

“వద్దు,” అన్నాడు నర్సయ్య. “నువ్వు వెట్టిస్తే అది నా సంతకమైతదా?” కాగితాన్ని కాసేపు చూశాడు. “సిరా ఉంటే తెమ్మను.”

అన్ని రకాల యంత్రాలున్న ఆ పరిశోధనాలయంలో సిరా దిండు లేదు. అటెండరు అయిదంతస్తులు దిగి, వాచ్‌మన్ దగ్గర దొరికితే పట్టుకొచ్చాడు. దాని మూత ఎండిపోయి బిగుసుకుంది. తడి గుడ్డతో మెత్తబరిచి తెరిచారు.

అటెండరు, “ఎడమ...” అని చెప్పబోయేలోపే నర్సయ్య ఎడమ బొటనవేలు సిరాలో అద్ది, కాగితం మీద ఆనించి, పక్క నుంచి పక్కకు ఒక్కసారి దొర్లించి తీశాడు. ముద్ర ఎక్కడా చెదరలేదు.

“గిదైతే మర్చిపోలే,” అన్నాడు.

ఆ ముద్ర పక్కన ఎవరిదో అక్షరాలలో రాయాలి. రాయడం వచ్చినవాళ్లు రాయాలి. సుగుణ పెన్ను తీసుకుని, గుండ్రటి చేతిరాతతో రాసింది: నిశాని, దూడం నర్సయ్య.